స్టీరింగు మీద బటన్లు పెట్టబోయే ముందు

అమ్మడూ,

నీ జీపు ఫొటోలు చూశాను. ఛాసిస్ గీకించి, రెడాక్సైడ్ కొట్టించి, ఆ పాత ఎమ్మెమ్ 540కి మళ్లీ ప్రాణం పోస్తున్నావు. ఇంతలో కొత్త కార్ల స్టీరింగు తెచ్చి వేసి, పాటల సౌండు, ఫోను అన్నీ బొటనవేలి కిందికి తెచ్చుకుంటానంటున్నావు. తెచ్చుకో తల్లీ, వద్దనను. చెయ్యి స్టీరింగు మీంచి తియ్యకుండా, చూపు రోడ్డు మీంచి తిప్పకుండా పని జరిగిపోవడం మంచిదే. కానీ రేపు ఆ బటన్లన్నీ చచ్చిపోయినా సరే, స్టీరింగు తిరగాలి, హారను మోగాలి. ఒక్కో వైరూ లాగేటప్పుడు ఈ మాట మనసులో పెట్టుకో.

మన ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లకి వెళితే రకరకాల కంపెనీల స్టీరింగులు దొరుకుతాయి. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. వెనక రంధ్రంలో పళ్లు మాత్రం కంపెనీకో లెక్క, కంపెనీకో సైజు. "కాస్త వెల్డింగు పెట్టి కూర్చోబెట్టేద్దాం మేడమ్" అని ఎవరైనా అంటే ఓ నమస్కారం పెట్టి వచ్చెయ్. నీ జీపు స్టీరింగు రాడ్డు పళ్లకి అచ్చంగా సరిపోయే బాస్ (స్టీరింగుని రాడ్డుకి కలిపే మధ్య ముక్క) దొరికితేనే ముందుకెళ్లు, నట్టు కొత్తది వెయ్యి. ఈ బిగింపు మీదే ఓ కథ ఉంది. 1989లో ఫెరారీ వాళ్లు తమ పందెం కారులో గేర్లు మార్చే మీటల్ని స్టీరింగు మీదికి తెచ్చి, బ్రెజిల్ గ్రాండ్ ప్రీలో మొదటిసారి దింపారు. ఆ పందెం నైజల్ మాన్సెల్ గెలిచాడు. గెలిచిన ఆ బండికే పందెం మధ్యలో ఆపి స్టీరింగు మార్చాల్సొచ్చింది. అంత పెద్ద వాళ్లకే ఆ బిగింపు దగ్గర ఇబ్బంది వచ్చిందంటే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో చూడు.

ఇంకో సంగతి. పాత జీపు స్టీరింగు వెడల్పు దాదాపు 17 అంగుళాలు. కొత్త కార్లది 15 దగ్గర్లో ఉంటుంది. పవర్ స్టీరింగు లేని బండికి ఆ వెడల్పు ఊరికే ఇవ్వలేదమ్మా. రెండంగుళాలు తగ్గితే బండి తిప్పడానికి దాదాపు ఎనిమిదో వంతు బలం అదనంగా పెట్టాలి. బండి నిలబెట్టి స్టీరింగు తిప్పేటప్పుడు ఆ తేడా భుజాలకి తెలుస్తుంది. కొట్లో ఉన్న వాటిలో కాస్త పెద్దదే ఏరుకో.

కొట్లో వాడిన స్టీరింగు కొంటే అందులో ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు. నీ జీపులో దాన్ని పేల్చే సెన్సర్లూ లేవు, కంప్యూటరూ లేదు. కాబట్టి అది నిన్ను కాపాడదు, గుండెకి ఎదురుగా ఉన్న మందుగుండు అంతే. అది లేని స్టీరింగే అడుగు. తప్పక అదే తీసుకోవాల్సొస్తే, పని తెలిసినవాడి చేత ఎయిర్‌బ్యాగ్ తీయించాకే డబ్బులివ్వు. తీసినదాన్ని కవరు వైపు పైకి ఉండేలా పెట్టమను. పసుపు రంగు కనెక్టరుకి మాత్రం మల్టీమీటరు తగిలించకు. మీటరులోంచి వచ్చే ఆ కాస్త కరెంటుకే అది పేలొచ్చు.

అసలు చిక్కంతా క్లాక్ స్ప్రింగు దగ్గర ఉంది. స్టీరింగు తిరుగుతుంది, రాడ్డు చుట్టూ ఉండే కాలమ్ గొట్టం కదలదు. మధ్యలో వైర్లు తెగకుండా ఉండడానికే అది. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా, లోపల పల్చటి రిబ్బను కేబులు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. స్టీరింగు ఒకవైపు తిప్పితే బిగుస్తుంది, రెండోవైపు తిప్పితే వదులవుతుంది. దానికో హద్దుంది. కొత్త కార్లలో స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకి మూడు చుట్లు, కొంచెం అటూ ఇటూ తిరుగుతుంది. పవర్ లేని పాత బండికి చుట్లు ఎక్కువ పడతాయి. అది చూసుకోకుండా బిగిస్తే, ఏ ఇరుకు సందులోనో పూర్తిగా తిప్పినప్పుడు రిబ్బను పుటుక్కున తెగుతుంది. హారను కూడా దాని మీదుగానే తెచ్చి ఉంటే అదీ పోతుంది.

అందుకని ముందు టైర్లు జాకీ మీద లేపి, స్టీరింగు ఎడమ కొసకి తిప్పి, పైన తెల్ల టేపు ముక్క అంటించి, కుడి కొసదాకా లెక్కపెట్టు. కొట్లో క్లాక్ స్ప్రింగుని కూడా చేత్తో మెల్లగా ఒక కొసకి తెచ్చి, రెండో కొసదాకా లెక్కపెట్టు. అది నీ జీపు లెక్క కంటే ఒక చుట్టైనా ఎక్కువ తిరగాలి. బిగించేటప్పుడు టైర్లు తిన్నగా ఉండాలి, రిబ్బను సరిగ్గా సగంలో ఉండాలి. కింది సగం తిరగకుండా కాలమ్‌కి గట్టి క్లాంపు వేయించు.

బటన్ల పని నీకు తేలికే. ఒక్కో బటన్ వెనక ఒక్కో విలువ రెసిస్టరు ఉంటుంది. నొక్కినప్పుడు వోల్టేజి ఎంత మారిందో చూసి, ఏ బటనో స్టీరియో పోల్చుకుంటుంది. ఎయిర్‌బ్యాగ్ తీసేశాక బటన్ల వైర్లకి మల్టీమీటరు పెట్టి ఒక్కొక్కటీ నొక్కు. ఓమ్‌లు మారాయా, సరే. మారకపోతే అవి డిజిటల్ సంకేతాల రకం కావచ్చు, నీకెందుకా తలనొప్పి, ఇంకోటి చూడు. ఎర్తు వైరుని మాత్రం జీపు బాడీకి కలపకు, స్టీరియో ఎర్తుకే తీసుకురా. తుప్పు పట్టిన చోట కలిపితే ఆ తుప్పు కూడా రెసిస్టరే అవుతుంది. సౌండు పెంచబోతే పాట మారిపోతుంటుంది. జీపు అదురుకి సోల్డరు అంచు దగ్గర వైరు విరుగుతుంది, లగ్గులు వేసి క్రింపు చేయించు.

హారను బటన్ మరొకటి డాష్‌బోర్డు మీద, విడిగా, సొంత ఫ్యూజుతో పెట్టుకో. లైట్లు, వైపర్లు ఉన్నచోటే ఉండనీ. క్రూయిజ్ కంట్రోల్ బటన్ ఉంది కదా అని ఆ ఆలోచన పెట్టుకోకు, మీ పెద్దమ్మ మీద ఒట్టు. ఇంకా పెద్ద మార్పులేవైనా చేయాలనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడుగు. ఆర్సీలోని వివరాలకీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టూ అదే గట్టిగా చెప్పింది.

బిగించాక బండి జాకీ మీద ఉండగానే రెండు కొసల్లోనూ ఆగి ప్రతి బటనూ, హారనూ నొక్కి చూడు. ఆ తర్వాత స్టీరియో ఫ్యూజు పీకేసి, హారను మోగుతోందో లేదో, స్టీరింగు అంతే తేలిగ్గా తిరుగుతోందో లేదో చూడు. ఆదివారం చుట్ల లెక్క తేల్చి నాకు ఫోన్ చెయ్యి, సోమవారం కొట్టుకి నేనూ వస్తాను.