లోహితాస్యుడు లేస్తాడా?

తిరువూరులో మా మేనకోడలు రెండో తరగతి. స్కూలువాళ్ళు ‘హరిశ్చంద్ర’ నాటకానికి తీసుకెళ్తున్నారట. ముందురోజు ఫోన్లో అడిగింది: “మామయ్యా, పాము కరిచిన అబ్బాయి నిజంగా చచ్చిపోతాడా?”

ఇరుక్కుపోయాను. సత్యం కోసం అన్నీ వదులుకున్నవాడి కథ చూడబోయే పిల్లకి అబద్ధం చెప్పలేను. “అంతా ఉత్తుత్తిదే” అంటే చూడకముందే నాటకాన్ని చంపేసినట్టు.

గాంధీ చిన్నప్పుడు ఈ నాటకం చూసి, అందరూ హరిశ్చంద్రుడిలా ఎందుకు ఉండకూడదని రాత్రింబవళ్ళు తనని తాను అడిగేవాడు. హరిశ్చంద్రుడు చరిత్రలో లేడని తోచాక కూడా తనకి సజీవుడేనని ఆత్మకథలో రాసుకున్నాడు. అంటే కల్పన అని తెలియడం వల్ల నమ్మకం పోదు.

మరి పిల్లల్ని దేనికి సిద్ధం చేయాలి? చేతులు కట్టుకుని కదలకుండా కూర్చోవడానికా? మన పద్యనాటకం అలా పెరగలేదు. కాటిసీనులో జాషువా పద్యం అందుకుంటే జనం ‘వన్స్‌మోర్’ అనేవాళ్ళు, నటుడు మళ్ళీ పాడేవాడు. ఫోన్లో వీడియోకి మన మాట వినపడదు. స్టేజీ మీద మనిషికి వినపడుతుంది. ముందుగా చెప్పాల్సింది ఇదొక్కటే అనిపిస్తుంది. అది తెలిసి ఊరుకుంటే మర్యాద, తెలియక ఊరుకుంటే వట్టి భయం.

“చివర్లో లేస్తాడమ్మలూ. కానీ వాళ్ళమ్మ ఏడ్చేటప్పుడు నువ్వు ఏడిస్తే ఆవిడకి వినపడుతుంది,” అన్నాను.

కాసేపు ఆగి అంది: “అయితే మెల్లగా ఏడుస్తాలే.”