నోబుల్ దొరగారి బడి తలుపు
ధ్యానమునకు: 1 కొరింథీయులకు 1:26–29

భక్తుని తప్పును దాచిపెట్టుట ప్రేమయగునా? మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

ఆంగ్లికను గురువైన రాబర్టు నోబుల్ దొరగారు 1841లో బందరు వచ్చి, 1843లో అచ్చట ఇంగ్లీషు బడి తెరచిరి. ఆయన పెండ్లి చేసికొనలేదు. మరల స్వదేశమునకు పోలేదు. 1852లో విద్యార్థులు కొందరు బాప్తిస్మము పొందగా, తక్కినవారు భయపడి బడి విడిచిపోయిరి. అయినను ఆయన చలింపలేదు. 1865లో బందరులోనే ప్రభువునందు నిద్రించిరి.

అయితే ఆ బడిలో అంటరానివారని లోకము నెట్టివేసిన బిడ్డలకు చోటు లేకపోయెను. పై కులములవారు మారినయెడల, వెలుగు క్రిందికి దానంతట అదే దిగునని ఆయన తలంచిరి.

దేవుడు ఆ వరుసను పాటింపలేదు. రాఘవాపురపు మాలపల్లెవాడైన పగోలు వెంకయ్యగారు సత్యదేవుని వెదకి, డార్లింగు దొరగారివలన సువార్త విని, 1859లో బాప్తిస్మము పొందిరి. ఆయన వెనుక పల్లెలు కదలెను.

కావున నోబుల్ గారిని నిందింతుమా? ఆయన త్యాగము నిజము. ఆయన మూసిన తలుపును నిజమే. రెండును చెప్పుటయే న్యాయము.

మరి మనమో? మాలలకొక గుడి, మాదిగలకొక గుడి యున్న ఊళ్లలో, ఏ దొరగారు తలుపు మూసిరి? ఇది మన చేతిపనియే. మూసిన చేతులతోనే దానిని తెరచుటకు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.