సగటు చాటున

పాదముద్ర అనగానే మనకి కృష్ణాష్టమి నాడు గుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో వేసే బుల్లి బుల్లి పాదాలు గుర్తొస్తాయి. శాస్త్రజ్ఞులు చెప్పే పాదముద్ర అంత ముద్దుగా ఉండదు లెండి. కెనడాలో విలియం రీస్ అనే ప్రొఫెసరూ, ఆయన శిష్యుడు మాథిస్ వాకర్‌నాగెలూ 1990ల మొదట్లో కట్టిన లెక్క అది. మనిషి తినే తిండికీ, కట్టే బట్టకీ, ఉండే ఇంటికీ, వదిలే పొగని పీల్చుకునే చెట్లకీ కలిపి ఎంత నేల కావాలి అని. ఎకరాల్లో చెప్పుకుంటే అమెరికాలో మనిషికి దాదాపు 20, మన దేశంలో సుమారు 3. భూమి ఇవ్వగలిగినదాన్ని అందరికీ సమంగా పంచితే వచ్చేది 4 లోపే.

వినడానికి ఎంత హాయిగా ఉందో! మన అమ్మమ్మలు చింతపండు పిప్పితో ఇత్తడి తోమారనీ, పాత చీరలు బొంతలు కుట్టారనీ చెప్పుకుని మురిసిపోవచ్చు.

కానీ ఆ మూడెకరాలూ ఎవరివి? నాకు అక్కడే పేచీ. మాదన్నపేట మండీలో గోనెపట్టా పరుచుకుని ఆకుకూరలమ్మే మనిషినీ, గదికో ఏసీ పెట్టుకున్న కుటుంబాన్నీ ఒకే గాటన కట్టి భాగిస్తే వచ్చిన అంకె అది. ఆ ఆకుకూరలామెకి ఫ్రిజ్ లేదు. మిగిలింది వాడిపోతుందని చీకటిపడే వేళకి సగం ధరకి ఇచ్చేస్తుంది. "నీదే నయం, కరెంటు బిల్లు గొడవ లేదు" అని బేరమాడే ఆవిడ ఒకరు అంటే, "ఏం నయమమ్మా? ఉంటే నేను పెట్టుకోనా? నీ ఇంట్లది ఇస్తవా?" అంది. ఆవిడ మారు మాట్లాడకుండా తోటకూర కట్ట సంచీలో వేసుకుంది.

విస్తట్లో అన్నం ఉండి మానేస్తే ఉపవాసం. లేక మానేస్తే పస్తు. రెండు కడుపులూ ఒకేలా కాలుతాయి, పుణ్యం మాత్రం మొదటిదానికే. ఆమె పస్తుని మన దేశపు ఉపవాసంగా లెక్క రాయించుకుని, ఆ పుణ్యంలో మనమూ వాటా తీసుకోవడం ఏం న్యాయం?

1991లో ఢిల్లీలో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ సంపన్న దేశాలని ఇలాగే నిలదీశారు. పేదవాడి వరిచేలోంచి వచ్చే వాయువునీ, షోకు కార్ల పొగనీ ఒకే తక్కెడలో తూస్తారా అని. ఎంత బాగా అడిగారు! ఆ తక్కెడని మన వీధిలోకి తెస్తేనే ఇబ్బంది.

అలాగని తప్పంతా మనిషిదే అనలేం. ఇక్కడ పప్పన్నం తిని సైకిలు తొక్కిన కుర్రాడు డాలస్ వెళ్లేసరికి వాడి పాదం పెరిగిపోతుంది. వాడి గుణం మారిందా? అక్కడ పాల ప్యాకెట్టుకైనా కారు తియ్యాలి. సగం పాదం ఊరిదే. మరి మన ఊరు మనకో బస్సు ఇచ్చింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీలో టిక్కెట్టు కూడా లేదు. ఊపిరాడనంత రద్దీ, నిజమే. ఆ రద్దీలో నిలబడి వెళ్లేది ఎక్కువగా మన ఇళ్లలో అంట్లు తోమేవాళ్లే.

ఇంకో మాట. ఈ సగటు మాయ దేశంతోనే ఆగదు. కరెంటు మీటరు ఇంటికొకటే. మే నెలలో స్టవ్ మంట ఆరిపోతుందని ఫ్యాను ఆపి పూరీలు వేయించే మనిషీ, ముందు గదిలో ఏసీ కింద వాటికోసం ఎదురుచూసే మనిషీ, మీటరు లెక్కలో ఇద్దరూ ఒకటే. మొన్న ఇదే మా ఇంట్లో అన్నాను. ఆయన ఏసీని 18 నుంచి 24కి మార్చి, పూరీ ఇంకోటి ఉందా అని అడిగారు.