ఇత్తడి సర్పమును, నడివీధి విగ్రహమును



నాలుగు బాటల కూడలిలో నిలిచిన విగ్రహము ఒక క్రూరునిదని తెలిసినప్పుడు దానిని ఉంచవలెనా, తీయవలెనా? మన కదిరి ప్రాంతపు యౌవనులు ఈ ప్రశ్న తెచ్చుచున్నారు. తీసివేసినచో చరిత్ర నశించునని పెద్దలు. ఉంచినచో పాపమునకు పూలదండ వేసినట్లేయని పిల్లలు. విగ్రహముల గొడవ మనకేల అనువారును లేకపోలేదు. అంబేద్కరుగారి విగ్రహమునకు ఎవరో రాత్రివేళ చెప్పులదండ వేసిన మరునాడు మన పేటలలో పొయ్యి వెలుగునా? రాతికి చేసిన అవమానము మనుష్యులకు తగులును. అట్లే రాతికి చేసిన సన్మానమును తగులును.

2 రాజులు 18వ అధ్యాయము తీయుడి. హిజ్కియా రాజు ఇత్తడి సర్పమును ముక్కలు చేయించెను. అది అన్యులు తెచ్చిన బొమ్మ కాదు. దేవుని ఆజ్ఞ చొప్పున మోషే చేసినది. పాముకాటు తిన్నవారు దానివైపు చూచి బ్రదికిరి. కాలక్రమమున జనులు దానికి ధూపము వేయసాగిరి. దాని పుట్టుక గొప్పదని రాజు దానిని విడిచిపెట్టలేదు. అయితే ఇత్తడిని పగులగొట్టిరి గాని సంఖ్యాకాండము 21వ అధ్యాయమును ఎవరును చింపివేయలేదు. కొన్ని వందల యేండ్లకు మన ప్రభువు, రాత్రివేళ వచ్చిన నీకొదేముతో ఆ సర్పమునే జ్ఞాపకము చేసెను. లోహము పోయినను కథ పోలేదు. కనుక పెద్దల భయము నిలువదని మా తలంపు. ఎత్తయిన దిమ్మెమీద ఒకనిని నిలుపుట చరిత్ర వ్రాయుట కాదు, సన్మానము చేయుట. చేసిన సన్మానమును వెనుకకు తీసికొనవచ్చును.

మన తాలూకా చెన్నరాజధానిలో ఉండిన దినములలో ఇట్టిదే యొకటి జరిగెను. చెన్నపట్టణమున మౌంటురోడ్డు మీద నీల్ అను సైన్యాధికారి విగ్రహముండెను. 1857 తిరుగుబాటులో ఇతడు అలహాబాదు, కాన్పూరు ప్రాంతములలో ఎందరినో ఉరితీయించెను; కాన్పూరులో ఖైదీలచేత నెత్తుటి మరకలు శుభ్రము చేయించి మరీ ఉరికంబమెక్కించెను. అట్టివానికి రాజవీధిలో కొలువు! 1927లో దానిని తీయవలెనని సత్యాగ్రహము లేచెను. స్వచ్ఛంద సేవకులు చెరకు పోయిరి. అహింస తప్పరాదని గాంధీగారు వారికి బోధించిరి. 1937లో రాజాజీ మంత్రివర్గము ఆ విగ్రహమును వీధినుండి తీయించి మ్యూజియములో పెట్టించెను. పదియేండ్లు పట్టినది. ఆలస్యమే, కాని ప్రజలు ఎన్నుకొన్నవారు పట్టపగలు చేసిన తీర్మానమది. నీల్ చేసిన పని ఎవరును మరువలేదు. వానికి నమస్కరింపుమని మాత్రము వీధి ఇప్పుడు ఎవరికిని చెప్పదు.

హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద 2011 మార్చి 10న జరిగినది వేరు. రామారావుగారి ప్రభుత్వము నిలిపిన ఆ 30కి పైగా విగ్రహములలో తెలంగాణమువారు కొద్దిమందేయని అక్కడివారికి నొప్పి యుండెను. అది న్యాయమైన నొప్పియే. అయితే ఆనాడు జనసమూహము కూల్చినవి ఎవరివి? అన్నమయ్యవి, శ్రీశ్రీవి, గోదావరి డెల్టాకు నీరిచ్చిన కాటన్ దొరవి. అంటరానితనమును ప్రశ్నించి ‘గబ్బిలము’ వ్రాసిన జాషువది సహా! కొన్నిటిని హుస్సేన్‌సాగరులో త్రోసిరి. తమవారికి చోటియ్యలేదను కోపము, ఎవరికిని కీడుచేయని కవులమీద పడెను. తరువాత ఆ విగ్రహములను తిరిగి నిలిపిరి. కోపముతో కూల్చినది తీర్పు కాదు గనుక అది నిలువలేదు.

ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణస్థులు 2020 జూన్ 7న కోల్‌స్టన్ విగ్రహమును రేవునీటిలో పడవేసిరి. అతడు బానిసల వర్తకుడు. ఆ విగ్రహమును పైకి తీసి, పూసిన రంగుతోనే మ్యూజియములో పరుండబెట్టిరి. ఇతడు దేవాలయములకు, పాఠశాలలకు విస్తారముగా దానము చేసినవాడు. దాతల పేర్లు చెక్కిన పలకలు మన గుడి గోడలకును ఉన్నవి; ఆ ధనము ఎట్లు వచ్చెనో మనమెన్నడైన అడిగితిమా?

మరి మన్రో దొర సంగతి? ఇది మాకు కఠినమైన ప్రశ్న. 1800లో నిజాము మన దత్తమండలములను కుంఫిణీకి ఇయ్యగా, 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉండినవాడు. పాలెగాండ్రను అణచెను, కుంఫిణీకి శిస్తు వసూలు చేసెను. ఆ శిస్తు రైతుకు భారమని ఎరిగి, నూటికి 25 వంతులు తగ్గింపుమని 1807లో సిఫారసు చేసినవాడును ఇతడే. గుఱ్ఱముమీది అతని విగ్రహము చెన్నపట్టణమున ఉన్నది. ఇచ్చటి రైతులు తమ బిడ్డలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకొనిరి. ఎండిన చేలవారు, ఎవరును అడుగకయే ఇచ్చిన సన్మానమది. పరదేశపు ప్రభుత్వ సేవకుడను ఒక్క కారణముచేత ఆ విగ్రహమును దింపవలెనన్నచో మేము చేవ్రాలు చేయము. దాని ప్రక్కన పలక పెట్టి, శిస్తు భారమును, తగ్గింపు సిఫారసును రెండును వ్రాయుమని మాత్రము అడుగుదుము.

వచ్చు నెల యౌవనుల కూటములో ఈ సంగతి చర్చకు వచ్చును. యెహోషువ 4వ అధ్యాయములో గిల్గాలులో నిలిపిన పండ్రెండు రాళ్లను, 7వ అధ్యాయములో ఆకానుమీద వేసిన రాళ్లకుప్పను చదివి రండి. రెండును రాళ్లే. వీటిని గూర్చి పిల్లలడిగిన ఏమి చెప్పవలెనో పెద్దలు ముందుగా ఆలోచించుకొని రావలెను.