ముందు స్మృతి, తరువాతే బోధ



ధమ్మ బంధువులారా, పోయిన వర్షావాసంలో మా విహారానికి ఒక అక్క వచ్చేది. ధ్యానంలో కూర్చుంటే అరగంట కదిలేది కాదు. పిలిచినా పలికేది కాదు. ఎంత సమాధి కుదిరిందో చూడండని నలుగురిలో మెచ్చుకున్నది నేనే. ఒకరోజు ఆమే చెప్పింది: "అన్నా, అది ధ్యానం కాదు. కళ్లు మూస్తే చాలు, నేను పైనుంచి నన్నే చూస్తున్నట్టు ఉంటది. ఈ చేతులు నావి కావనిపిస్తది. మా వాడ మీద పడి కొట్టిన రాత్రి నుంచి ఇట్లనే."

సిగ్గుపడ్డాను.

దీన్ని వైద్యులు డిసోసియేషన్ అంటారు. తప్పించుకునే దారి లేనప్పుడు మనసు ఒంటి నుంచి పక్కకు తప్పుకుంటుంది. ఆ క్షణానికి అది రక్షణే. ప్రమాదం పోయినా ఆ అలవాటు పోదు, అదే బాధ. దాడులు, అత్యాచారాలు, యుద్ధాల తరువాత వచ్చే పీటీఎస్‌డీలో కొందరికి ఈ లక్షణాలు ఉంటాయని 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో ప్రత్యేక రకంగా చేర్చింది. తనకు తానే పరాయి అయినట్టు ఉండటం ఒకటి, చుట్టూ లోకం కలలాగా తోచడం ఇంకొకటి. మన వాడల్లో మాత్రం గాలి సోకిందని తాయెత్తు కడతారు. 22 ప్రతిజ్ఞలు చేసిన ఇళ్లలో కూడా! (కోపంతోనే రాస్తున్నాను.)

థేరి పటాచార కథ గుర్తు చేసుకోండి. భర్త పాముకాటుకు పోయాడు. ఒక బిడ్డను గద్ద ఎత్తుకుపోయింది, ఇంకో బిడ్డ ఏటిలో పోయాడు. తల్లిదండ్రులు, తోబుట్టువు కూలిన ఇంటి కింద పోయారు. ఒంటిమీద బట్ట జారినా ఆమెకు తెలియలేదు. జనం పిచ్చిదని తరిమారు. తథాగతుడు ఆమెను రానిచ్చాడు. వెంటనే అనిత్యం బోధించలేదు. చెల్లెలా అని పిలిచి, ముందు స్మృతి తెచ్చుకోమన్నాడు. అప్పుడు ఆమెకు తన ఒళ్లు తెలిసింది. ఒకాయన పైబట్ట ఇచ్చాడు. బోధ ఆ తరువాతే.

అనాత్మ అంటే ఇదే కదా అని ఒక తమ్ముడు అడిగాడు. కాదు తమ్ముడూ. అనాత్మ మెలకువతో చూసేది, ఇది భయంతో మొద్దుబారడం. ఇట్లాంటివారిని కళ్లు మూసుకుని కూర్చోమని బలవంతం చేస్తే కొందరికి ఎక్కువవుతుంది. కళ్లు తెరిచి, అరికాళ్లు నేలకు ఆనించి, నెమ్మదిగా నడవనివ్వండి. ఎక్కడికో పోయినట్టు కనిపిస్తే పట్టి కుదపకండి. పేరు పెట్టి పిలవండి, ఈ రోజు ఏ వారమో, ఎక్కడ ఉన్నామో చెప్పండి. మానసిక వైద్యుడి దగ్గరికి తోడు వెళ్లండి. టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

అక్క ఇప్పుడు డాక్టరు దగ్గరికి పోతున్నది. వందనప్పుడు గుమ్మం పక్కన కళ్లు తెరిచే కూర్చుంటుంది. మధ్యలో లేచి ఆవరణలో నడుస్తుంది. ఎందుకు లేచావని ఎవరమూ అడగం.