భుజాల మీద ప్రవేశం, పాదాల మీద ప్రవేశం: సమ్మిళిత సంప్రదాయవాదం – యువ ఓటరు

ఉపోద్ఘాతం

సంప్రదాయాన్ని కాపాడతామని చెప్పే రాజకీయం, అదే సంప్రదాయం గడప బయట నిలబెట్టినవారిని ఓటు అడగవచ్చునా? అడగదలిస్తే ఏ నైతిక ప్రాతిపదిక మీద అడగాలి? పైకి ఇది ఎన్నికల వ్యూహానికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. మౌలికంగా మాత్రం ఇది వారసత్వం ఎవరిది అనే ధర్మమీమాంస.

రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలం, దాని పరిసరాలు ఈ మీమాంసకు తగిన నేల. శ్రీశైలం రహదారి మీద ఉన్న ఈ మండలం మహేశ్వరం శాసనసభ నియోజకవర్గంలోను, చేవెళ్ల లోక్‌సభ స్థానంలోను భాగం. సమీపంలోని శంషాబాదు మండలం ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైన 216 అడుగుల రామానుజాచార్య విగ్రహానికి ‘సమతామూర్తి’ అని పేరు. కందుకూరు మండలంలోనే ముచ్చెర్ల, మీర్‌ఖాన్‌పేట ప్రాంతాలు ఔషధనగరి భూసేకరణను చూశాయి. 2024 ఆగస్టు 1న మీర్‌ఖాన్‌పేటలో నైపుణ్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. ఒకవైపు సంప్రదాయం పేరిట సమత్వ ప్రకటన, మరొకవైపు తాతల నాటి పొలాలు చేతులు మారడం. ఈ రెండింటి నడుమ తొలిసారి ఓటు వేయబోయే యువతరం ఉన్నది. దానితో సంప్రదాయవాదం ఏ భాషలో మాట్లాడాలి అన్నదే ఈ వ్యాసం పరిశీలించే అంశం.

సంప్రదాయవాదం: భావన, పరిధి

మార్పును మొత్తంగా నిరాకరించడం సంప్రదాయవాదమనే అభిప్రాయం బహుళ ప్రచారంలో ఉన్నది. ఆ వాదానికి ఆద్యుడుగా పేర్కొనే ఎడ్మండ్ బర్క్ 1790లో ఫ్రెంచి విప్లవాన్ని విమర్శిస్తూ రాసిన గ్రంథం ఈ అభిప్రాయాన్ని సమర్థించదు. గతించినవారు, జీవించి ఉన్నవారు, పుట్టబోయేవారు కలిసి నడుపుకొనే భాగస్వామ్యంగా ఆయన సమాజాన్ని భావించాడు. మార్పుకు మార్గమే లేని రాజ్యానికి తనను తాను కాపాడుకొనే మార్గం కూడా ఉండదని ఆయన అభిప్రాయం.

ఈ భావనను అంగీకరిస్తే రెండు పర్యవసానాలు తప్పవు. మొదటిది, వారసత్వం ఏ ఒక్క తరానికీ సొంత ఆస్తి కాదు. ప్రతి తరమూ దానికి ధర్మకర్త మాత్రమే. రెండవది, పుట్టబోయేవారికి కూడా అందులో వాటా ఉన్నదన్నప్పుడు, పుట్టి పెరిగి ఆ వారసత్వపు బరువును మోసినవారికి వాటా లేదనడం అసంబద్ధం. కనుక సమ్మిళితత్వం సంప్రదాయవాదానికి బయటినుంచి అతికించిన సవరణ కానవసరం లేదు. దాని మూలసూత్రంలోనే అందుకు బీజం ఉన్నది.

తెలుగు సాహిత్య సాక్ష్యం

ఈ అంశంపై తెలుగు సాహిత్యం విలువైన సాక్ష్యం ఇస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ సంప్రదాయ వ్యవస్థ క్షీణతను శోకంతో చిత్రించిన నవల. సుబ్బన్నపేటలో గుడి కేంద్రంగా అందరికీ ఒక స్థానం ఉంటుంది. ఒంటరి మనిషిని వెలివేయని అల్లిక ఆ వ్యవస్థ బలం. ఆ స్థానాన్ని పుట్టుకే నిర్ణయించడం దాని బలహీనత. అంతకుముందే, 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో రామదాసు భక్తుడు, వేదాంత చింతన గలవాడు. సంప్రదాయం తనను దూరంగా ఉంచినా అతడు దాని సారాన్ని జీర్ణించుకున్నాడు.

1941లో వెలువడిన గుఱ్ఱం జాషువ ‘గబ్బిలం’ ఈ వైరుధ్యాన్ని మరింత పదునుగా ముందుకు తెచ్చింది. గుడిలోకి పోలేని మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరగగల గబ్బిలాన్ని కాశీ విశ్వేశ్వరుని వద్దకు దూతగా పంపుతాడు. ఇందులో ప్రక్రియ సందేశకావ్యం. రూపం ఛందోబద్ధ పద్యం. కాళిదాసు నుంచి వచ్చిన రూపాన్ని జాషువ ధిక్కారంతో విడిచిపెట్టలేదు, తన హక్కుగా స్వీకరించాడు. పద్యవిద్యను కాపాడినవారి వరుసలో జాషువ పేరు లేకుండా నేడు తెలుగు సాహిత్య చరిత్ర రాయడం సాధ్యం కాదు. వెలివేతకు గురైనవాడు వారసత్వాన్ని సుసంపన్నం చేయగలడనడానికి ఇంతకంటే బలమైన నిదర్శనం అక్కరలేదు. అందరినీ కలుపుకుంటే సంప్రదాయం పలచబడుతుందనే వాదానికి ‘గబ్బిలం’ కావ్యమే సమాధానం.

రాజకీయానుభవం

తెలుగు నేలమీద సంప్రదాయవాద రాజకీయం ఈ పరీక్షను పలుమార్లు ఎదుర్కొన్నది. 1959లో ఏర్పడిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు ఆచార్య ఎన్.జి. రంగా. ఆస్తి హక్కును, రైతు స్వాతంత్ర్యాన్ని సమర్థించి, ప్రభుత్వ నియంత్రణలను వ్యతిరేకించిన ఆ పార్టీలో జమీందారీ కుటుంబాలవారితో పాటు గీత వృత్తి కుటుంబం నుంచి వచ్చిన గౌతు లచ్చన్న కూడా ఉన్నారు. 1967 లోక్‌సభ ఎన్నికల్లో 44 స్థానాలు గెలిచిన ఆ పార్టీ 1974 నాటికి భారతీయ లోక్‌దళ్‌లో లీనమైంది.

హైదరాబాదుకు చెందిన బంగారు లక్ష్మణ్ 2000లో భారతీయ జనతా పార్టీకి తొలి దళిత అధ్యక్షుడయ్యారు. ముస్లింలకు పార్టీ చేరువ కావాలని ఆ ఏడాదే నాగపూర్ సమావేశంలో ఆయన పిలుపునిచ్చారు. 2001లో ఆయన పదవి నుంచి వైదొలిగారు. 2023 శాసనసభ ఎన్నికల వేళ అదే పార్టీ తెలంగాణలో వెనుకబడిన తరగతుల వ్యక్తిని ముఖ్యమంత్రిని చేస్తామని ప్రకటించింది. నవంబరు 11న సికింద్రాబాదు పరేడ్ మైదానంలో జరిగిన మాదిగల సభలో ప్రధానమంత్రి ఎస్సీ వర్గీకరణ విషయమై కమిటీని ప్రకటించారు.

ఈ ఘట్టాలను గెలుపోటములతో తూచడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వీటన్నిటిలోనూ తలెత్తే నైతిక ప్రశ్న ఒక్కటే: కలుపుకోవడం సాధనమా, సాధ్యమా? మనిషిని సాధనంగా మాత్రమే చూడరాదని ఇమ్మాన్యుయేల్ కాంట్ నీతిసూత్రం. ఓటు కోసమే పిలిచిన పిలుపు లెక్కింపు రోజుతో ముగిసిపోవచ్చు. అయితే ప్రయోజనం ఆశించి మొదలైన పని క్రమంగా ధర్మంగా స్థిరపడే అవకాశాన్ని కూడా కొట్టివేయలేం. ఉద్దేశాన్ని కొలిచే పరికరం లేదు కనుక, వ్యవస్థలో ఏమి మిగిలింది అన్నదే కొలమానం కావాలి.

మునివాహనం: ఒక పరిశీలన

2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయంలో జరిగిన ‘మునివాహన సేవ’ ఈ కొలమానాన్ని స్పష్టం చేస్తుంది. చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత యువ భక్తుని భుజాలపై ఎత్తుకొని ఆలయంలోకి తీసుకువెళ్లారు. దీనికి మూలం తిరుప్పాణాళ్వారు కథ. కావేరి తీరాన భక్తిపారవశ్యంలో ఉన్న ఆయనను లోకసారంగముని రాయి విసిరి గాయపరిచాడు. అనంతరం రంగనాథుని ఆజ్ఞ మేరకు ఆయననే భుజాలపై మోసుకొని సన్నిధికి చేర్చాడు.

ఈ కథను నిమ్న వర్గపు భక్తుని ఉద్ధరించిన కథగా చదవడం పరిపాటి. కథాగమనం అందుకు భిన్నమైన అర్థాన్ని ఇస్తున్నది. తప్పు చేసినవాడు ముని. మోయడం అతనికి ప్రాయశ్చిత్తం. కాబట్టి ఇక్కడ ఉద్ధరణ పొందినవాడు మోసినవాడే. సంప్రదాయం తన దోషాన్ని తన భాషలోనే ఒప్పుకోగలదని చెప్పడం ఈ కథ విశిష్టత. జియాగూడ ఘట్టపు నైతిక విలువ కూడా అక్కడే ఉన్నది.

దీనికి ఎదురయ్యే ఆక్షేపణ చిన్నది కాదు. 1936లో ‘కులనిర్మూలన’ గ్రంథంలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్, కులానికి ఆధారం శాస్త్రప్రామాణ్యమే కనుక దానిని కదిలించని సంస్కరణ నిలవదని వాదించారు. ఆ దృష్టితో చూస్తే భుజాల మీద ప్రవేశం ఒక రోజు పండుగ. తలుపు తెరిచే అధికారం మాత్రం మోసినవాని చేతిలోనే మిగిలిపోతుంది. రాజ్యాంగంలోని 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. 25వ అధికరణం, ప్రజలకు ఉద్దేశించిన హిందూ ఆలయాలను అన్ని వర్గాలకూ తెరిచే శాసనాలకు వీలు కల్పించింది. పౌరుడు తన పాదాల మీద నడిచి వెళ్లగలగడమే రాజ్యాంగం ఇచ్చిన హామీ. భుజం పశ్చాత్తాపానికి చిహ్నం, పాదం హక్కుకు చిహ్నం. మొదటిది రెండవదానికి దారి తీస్తే అది ధర్మం. రెండవదాని స్థానాన్ని ఆక్రమిస్తే అది వేడుక మాత్రమే.

యువ ఓటరు – మూడు మెట్లు

61వ రాజ్యాంగ సవరణ ద్వారా 1989లో ఓటు వయసు 21 నుంచి 18 ఏళ్లకు తగ్గింది. శాసనసభకు పోటీ చేయడానికి మాత్రం నేటికీ 25 ఏళ్లు నిండాలి. ఓటు అడిగినంత తొందరగా నిర్ణయాధికారం అందదన్నమాట. యువతతో సంబంధం కోరే ఏ రాజకీయమైనా ఈ అంతరాన్ని పార్టీ లోపల పూడ్చవలసి ఉంటుంది.

ఈ సందర్భంలో సమ్మిళితత్వాన్ని ప్రవేశం, పాత్ర, నిర్ణయం అనే మూడు మెట్లుగా విభజించవచ్చు. తెలంగాణ పల్లె జాతర ఇందుకు ఉదాహరణ. అక్కడ ఊరేగింపు ముందు డప్పు మోగుతుంది. డప్పు కొట్టే కుటుంబానికి ప్రవేశమూ ఉన్నది, పాత్రా ఉన్నది. జాతర ఏ రోజు, ఖర్చు ఎంత, ముందు వరుస ఎవరిది అని తేల్చే చోట ఆ కుటుంబపు పిల్లవాడు, పిల్ల కూర్చోగలరా అన్నది మూడవ మెట్టు. చదువుకొని విమానాశ్రయం పరిసరాల్లో ఉద్యోగం వెతుక్కునే ఆ పిల్లలు మొదటి రెండు మెట్లకే కృతజ్ఞత చూపాలని ఆశించడం అవివేకం.

భూమి విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఊరి సంస్కృతిని కాపాడతామనే రాజకీయం, ఆ ఊరి పొలం పోతున్నప్పుడు ఏమన్నది అని యువతరం అడుగుతుంది. గుడిని వారసత్వంగాను, చెలకను సరుకుగాను చూసే సంప్రదాయవాదం సగం సంప్రదాయాన్నే గుర్తించినట్లు. చెలక లేక ఊరు చెదిరితే జాతర జరిపేవారే ఉండరు.

ముగింపు

సమ్మిళిత సంప్రదాయవాదం సాధ్యమే. అందుకు అది మూడు విషయాలు అంగీకరించాలి: వారసత్వం ఉమ్మడిదని, దాని నిర్వహణలో జరిగిన అన్యాయాన్ని ఒప్పుకోవడం ద్రోహం కాదని, కలుపుకోవడమంటే నిర్ణయంలో వాటా ఇవ్వడమని. వీటిని అంగీకరించని పిలుపును యువ ఓటరు తిరస్కరిస్తే, దానిని సంప్రదాయంపై విముఖతగా భావించకూడదు. తన వాటా తనకు తెలిసినవారి వివేకం అది. ముచ్చింతల్ విగ్రహానికి పెట్టిన పేరు ఒక వాగ్దానం. ఆ వాగ్దానం నెరవేరిందో లేదో విగ్రహం ఎత్తు చెప్పదు. దానికి కొన్ని మైళ్ల దూరంలోని కందుకూరు వంటి ఊళ్లలో, పంచాయతీ బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటున్నారో చూస్తే తెలుస్తుంది.