చెప్పుకొనలేని బాధ

ధ్యాన భాగము: మార్కు 5:25–34



ఈ మాసము మనము ధ్యానించు భాగము మీకందరికిని తెలిసినదే. సండేస్కూలు పిల్లలు సహితము ఈ కథ చెప్పగలరు. అయితే చెప్పునప్పుడు ఒక మాటను మాత్రము మెల్లగా దాటిపోవుదుము. ఒక రోగిష్ఠి స్త్రీ వచ్చి ప్రభువు వస్త్రమును ముట్టెనందుము గాని, ఆమె రోగమేమిటో వివరింపము. సువార్తికులు అట్లు దాచలేదు. మత్తయి, మార్కు, లూకా ముగ్గురును ఆమెది 12 ఏండ్ల రక్తస్రావమని తేటగా వ్రాసిరి. పరిశుద్ధ గ్రంథము పలుకుటకు సిగ్గుపడని దానిని మనము సంఘములో పలుకుటకు సిగ్గుపడుచున్నాము. ఆ సిగ్గు మనలో కొందరి ప్రాణములను తీయుచున్నది. గనుక ఈ నెల ఆ సంగతినే మాటలాడుదము.

కొంతకాలము క్రిందట మా సంఘములో ఒక పెద్ద తల్లి ఉండెను. శుక్రవారపు ఉపవాస కూటములో లేచి, “అయ్యగారూ, ఒంట్లో బలహీనతగా ఉన్నది, ప్రార్థన చేయండి” అని అడుగుచుండెను. మేమును ప్రార్థించితిమి. ఏమి బలహీనత తల్లీ అని మేము అడుగలేదు, ఆమెయు చెప్పలేదు. ముట్లుడిగి పదేండ్లయిన తరువాత ఆమెకు మరల రక్తము కనబడుచున్నదనియు, కోడలికి గాని కుమార్తెకు గాని తెలియనీయక ఆ బట్టలను తానే వేకువజామున ఉదుకుకొనుచున్నదనియు మాకు తెలియునప్పటికి ఏడాది దాటెను. గర్భసంచి ముఖద్వారమునకు వచ్చిన క్యాన్సరు అప్పటికే పాకిపోయినది. ఆమె ప్రభువునందు నిద్రించినది. మేము ప్రార్థించినందుకు చింతపడము, అడుగనందుకు చింతపడుచున్నాము. మేము అడుగలేని సంగతిని అమ్మగారిచేతనైన అడిగింపవలసియుండెను.

ఆ తల్లిని జ్ఞాపకము చేసికొనుచు, ఈ భాగములో మూడు సంగతులు గమనింతము.

మొదటిది: ఆమె వ్యాధి ఆమె పాపము కాదు.

లేవీయకాండము 15వ అధ్యాయము చదువుడి. దేహ స్రావములను గూర్చి ధర్మశాస్త్రము మాటలాడునప్పుడు మొదట మాటలాడినది పురుషుని గూర్చియే. స్త్రీని గూర్చి తరువాతనే చెప్పబడినది. స్వస్థత కలిగిన పిమ్మట ఇద్దరును తేవలసిన అర్పణ ఒక్కటే: రెండు తెల్లగువ్వలైనను రెండు పావురపు పిల్లలైనను. కాబట్టి ఇది స్త్రీకి మాత్రమే అంటిన మైల అని తలంచుట వాక్యానుసారము కాదు. మన సంఘములలో బహిష్టు దినములలో ప్రభువు బల్లకు రాక వెనుక కూర్చుండు సహోదరీలు ఇంకను ఉన్నారు. అమ్మలారా, 12 ఏండ్ల రక్తస్రావముగల స్త్రీ ముట్టినప్పుడు ప్రభువు అపవిత్రుడు కాలేదు, ఆమెయే బాగుపడినది. ఆయన వెనుకకు నెట్టని వారిని ఎవరు నెట్టగలరు?

మరియొక మాట. గర్భసంచి ముఖద్వారపు క్యాన్సరుకు కారణము దాదాపు ఎల్లప్పుడును ఒక వైరస్ అని వైద్యులు కనుగొనిరి. ఆ వైరస్ దేహసంబంధమువలన సోకును. ఈ మాట వినగానే కొందరు అనుమానముతో భార్యను చూతురు, కొందరు భర్తను చూతురు. ఆ వైరస్ అతి సాధారణమైనది. అది ఏండ్ల తరబడి దేహములో కనబడకుండ ఉండగలదు. చాలమందిలో తనంతట తానే పోవును. పోక నిలిచిన కొద్దిమందిలో సంవత్సరములు గడచిన పిమ్మట క్యాన్సరుగా మారును. గనుక రోగమును చూచి శీలమునకు తీర్పు తీర్చుట అన్యాయము. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవరి పాపమని శిష్యులడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను గదా.

రెండవది: ఆమె అనేక వైద్యుల చేతులలో బాధపడెను.

తనకు కలిగినదంతయు ఖర్చుచేసినను ఆమెకు మేలు కలుగలేదని మార్కు వ్రాయుచున్నాడు. ఇది మన పల్లెల కథ కాదా? తెల్లబట్ట అగుచున్నదనియో, నడుము లాగుచున్నదనియో వెళ్లిన పేద స్త్రీకి, గర్భసంచి పాడైనది, తీయకుంటే క్యాన్సరగును అని భయపెట్టి, అప్పుచేయించి, ముప్పదియేండ్లకే ఆపరేషను చేసిన సంగతులు మనము వినియున్నాము. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటిలో నూటికి ముగ్గురికంటె కొంచెము ఎక్కువ కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మండుగురు, తెలంగాణలో దాదాపు ఎనమండుగురు ఉండిరి. తెల్లబట్ట అయినంత మాత్రమున క్యాన్సరు కాదు. దురద, దుర్వాసన ఉన్నయెడల తరచుగా అది మందులతో పోవు సోకుడే. అది దేహసంబంధమువలన సోకిన రకమైతే భార్యకు మాత్రమే మందిచ్చి భర్తను విడిచినయెడల మరల వచ్చును. గర్భసంచితోకూడ అండాశయములను చిన్న వయస్సుననే తీసివేసినయెడల ఎముకలు త్వరగా గుల్లబారును, గుండెజబ్బు భయము పెరుగును. తీయవలసిన వ్యాధులు కొన్ని కలవు; కాని ఇంకొక డాక్టరమ్మతో కూడ చూపించుకొనక ఒప్పుకొనవద్దు.

మరి వైద్యులను విడిచిపెట్టుదమా? అట్లు కాదు. ఈ కథను వ్రాసిన లూకా తానే వైద్యుడు. హిజ్కియా పుండుపైని అంజూరపు ముద్ద వేయుమని చెప్పినది ప్రవక్తయైన యెషయాయే. ప్రార్థన చేయుటయు, మందు పుచ్చుకొనుటయు ఒకదానికొకటి విరోధము కావు.

మూడవది: ప్రభువు ఆమెను చాటుననే ఉండనీయలేదు.

ఆమె వెనుకనుండి వచ్చినది, చాటుగా ముట్టినది, చాటుగానే వెళ్లిపోదలచినది. ప్రభువు అంతటితో విడువవచ్చును గదా? యాయీరు కుమార్తె మరణావస్థలో ఉన్నది, త్వరపడవలసిన గడియ. అయినను ఆయన నిలిచి, తన్ను ముట్టినదెవరని చుట్టు చూచెను. ఆమెను సిగ్గుపరచుటకు కాదు. ఆమె వణకుచు వచ్చి సంగతియంతయు దాచక చెప్పినప్పుడు, ఆయన ఆమెను కుమార్తె అని పిలిచెను. దేహము బాగుపడినది ముట్టినప్పుడే. సిగ్గు తొలగినది చెప్పినప్పుడు.

చెప్పనీయని సిగ్గు ఎంత నష్టము చేయునో మన దేశ మిషనెరీల చరిత్రయే సాక్ష్యము. ఐడా స్కడర్ దొరసాని యవ్వనములో ఒకే రాత్రి మూడు ఇండ్లవారు వచ్చి, ప్రసవించలేక బాధపడు తమ భార్యలకు సాయము చేయుమని ఆమెనే పిలిచిరి. వైద్యుడైన ఆమె తండ్రి వచ్చునన్నను, పురుషునికి చూపింపమనిరి. తెల్లవారునప్పటికి ముగ్గురును మరణించిరి. ఆమె వైద్యవిద్య నేర్చుకొని వచ్చి, వెల్లూరులో 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల స్థాపించెను. మన తెలుగు నాట 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు ఆన్నా కుగ్లర్ దొరసాని, 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరచెను. వారు మన తల్లుల కొరకు తలుపులు తెరచిరి. మనము నోరు తెరవవలెను.

ఏమి చెప్పవలెనని అడుగుదురేమో. ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క రక్తము కనబడినను, దేహసంబంధము తరువాత రక్తము కనబడినను ఆలస్యము చేయక వెళ్లుడి. 30 ఏండ్లు దాటిన స్త్రీ, ఏ బాధ లేకున్నను, గర్భసంచి ముఖద్వారమును పరీక్ష చేయించుకొనవలెను. ఆ పరీక్షకు కొద్ది నిమిషములే పట్టును. మార్పును ముందుగా కనిపెట్టినయెడల క్యాన్సరు కాకమునుపే తీసివేయవచ్చును. 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు ఆ వైరస్‌ను అడ్డగించు టీకా ఉన్నది. మన దేశములో తయారైన టీకా 2023లో వచ్చినది. కాన్పుల తరువాత గర్భసంచి జారినదని, దగ్గినప్పుడు మూత్రము పట్టు తప్పుచున్నదని గుడికి రావడమే మానుకొన్న తల్లులున్నారు. మూత్రమును ఆపుకొన్నట్లు క్రింది కండరములను బిగించి వదలు వ్యాయామము కొన్ని నెలలు విడువక చేసిన చాలమందికి మేలగును. ఎక్కువగా జారినవారికి లోపల పెట్టు రింగు ఉన్నది, ఆపరేషనును ఉన్నది. అది భరించి తీరవలసిన తలవ్రాత కాదు.

సహోదరులారా, మీరు నవ్వుకొనుచు ఈ పేజీ త్రిప్పవద్దు. దాచుటలో మీరు స్త్రీలకంటె తక్కువవారు కారు. దోమకాటువలన వచ్చు బోదజబ్బుతో వరిబీజము దిగి, పంచెచాటున ఏండ్ల తరబడి మోయువారు మన కోస్తా జిల్లాలలో కలరు. ఆపరేషనుతో అది పోవును. ఏబది దాటిన తరువాత రాత్రి పలుమార్లు మూత్రమునకు లేచుట, ధార సన్నగిల్లుట ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన గురుతు కావచ్చును. ఎక్కువమందిలో అది క్యాన్సరు కాదు, మందులున్నవి. మూత్రములో రక్తము వచ్చినయెడల ఒక్క దినము ఆగవద్దు. యౌవనస్థులకు వృషణములో నొప్పి లేని గడ్డ తగిలినను చూపించుకొనవలెను. దాంపత్యములో శక్తి తగ్గినదని గోడమీది ప్రకటనలను నమ్మి డబ్బు పోసికొనువారున్నారు. చక్కెర వ్యాధి, రక్తపోటు, గుండె రక్తనాళముల జబ్బు కూడ దానికి కారణములు. అది పెద్ద జబ్బుకు ముందుగా వచ్చిన హెచ్చరిక కావచ్చును. ఇక పిల్లలు లేని ఇండ్లలో సగమింటికి పురుషుని లోపము కూడ కారణములో పాలుగలదై యుండును. పరీక్షకు తాను వెళ్లక భార్యను గొడ్రాలని పిలుచువాడు, భార్య నిమిత్తము తానే దేవుని వేడుకొనిన ఇస్సాకును చూచి నేర్చుకొనవలెను.

భర్తలారా, మీ భార్య ఈ సంగతి చెప్పినప్పుడు విసుగుకొనక, కూలిదినము పోయినను వెంట వెళ్లుడి. అత్తలారా, మా కాలములో ఇవన్నియు లేవని అనకుడి. మీ కాలములో చెప్పక చనిపోయినవారు మీకు తెలియును. స్త్రీల సమాజమువారు ఒక కూటమును ఇందుకై ప్రత్యేకించి, నమ్మదగిన డాక్టరమ్మను పిలిచి మాటలాడింపవలెనని మా మనవి. చెప్పుకొన్న సంగతిని ప్రార్థన అను పేరుతో ఇంటింట చెప్పకుండుటయు పరిచర్యయే.

మన దేహములో ఘనత తక్కువని మనము తలంచు అవయవములకే ఎక్కువ ఘనత చెల్లింపవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసెను (1 కొరింథీ 12:22–25). ఆ మాట సంఘమును గూర్చి వ్రాసినను, సామెతగా తీసికొన్నది దేహమునే. దేవుడు అమర్చిన దానిలో అసహ్యమైనది ఏదియు లేదు.

ప్రార్థన: ప్రభువైన యేసూ, నీ వస్త్రమును ముట్టిన స్త్రీని నీవు వెళ్లగొట్టక కుమార్తె అని పిలిచితివి. మాలో చాటుగా బాధపడు ప్రతి సహోదరికిని సహోదరునికిని నోరు తెరచు ధైర్యమిమ్ము. వినువారికి గుట్టు కాపాడు మనస్సునిమ్ము. వైద్యుల చేతులను ఆశీర్వదించుము. మేము అడుగక పోగొట్టుకొన్నవారి విషయమై మమ్మును క్షమించి, ఇకమీదట అడుగు ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.